పార్టు దొరకదన్నచోట

మూడేళ్ళ కింద మే నెలలో, మిట్టమధ్యాహ్నం, మా పెదనాన్న కారు చిలకలూరిపేట దాటాక హైవే మీద ఆగిపోయింది. ఆయనకి అప్పటికి డెబ్భై మూడేళ్ళు. లారీలు రయ్యిమని పోతుంటే వేపచెట్టు కింద గంటసేపు కూర్చున్నాడట. గంట తర్వాత తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. వారం తిరక్కుండా మార్టూరు దగ్గర మళ్ళీ అదే తంతు. పొద్దున్నా రాత్రీ ఎంతదూరం పోయినా ఆగదు. ఎండలో అరగంట నడిస్తే ఆగుతుంది.

అదొక జర్మన్ కారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. 1990ల మధ్యలో తయారైంది. మిర్చి కలిసొచ్చిన ఒక ఏడాది పెదనాన్న దాన్ని హైదరాబాదులో సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ఆ తర్వాత రెండేళ్ళు పత్తి దెబ్బకొట్టింది. ఎకరంన్నర అమ్మాడు గానీ కారు అమ్మలేదు. ఆ ఎకరంన్నరనీ కారే తినేసిందని పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. లెక్కచూస్తే ఆవిడ చెప్పేది పూర్తిగా తప్పూ కాదు.

ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్తే వాళ్ళ స్కానర్ దీనికి తగలలేదు. కార్లన్నిటికీ ఒకే రకం డయాగ్నస్టిక్ ప్లగ్గు ఉండాలన్న నియమం అమెరికాలో 1996 మోడళ్ళ నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకి 2001 నుంచి వచ్చింది. ఇది అంతకు ముందు కాలపుది. వాళ్ళు బానెట్ ఎత్తి చూసి, "కంప్యూటర్ బాక్సు పోయింది, బయటి దేశం నుంచి తెప్పించాలి, లక్షా ఎనభై వేలు" అన్నారు. ఇంకో చోట ఇంకా సులువైన సలహా ఇచ్చారు: ఈ ఇంజను దించేసి వ్యాను డీజిల్ ఇంజను ఎక్కించమని. పెదనాన్న సగం ఒప్పుకున్నాడు కూడా. ఒప్పుకుని నాకు ఫోన్ చేశాడు. "నువ్వు కంప్యూటర్ ఇంజనీరువి గదరా, ఈ కంప్యూటర్ సంగతేందో చూడు."

నేను రాసేది బ్యాంకుల కోసం జావా కోడు. అయినా వెళ్ళాను.

ఆ నెలంతా షెడ్ల చుట్టూ తిరుగుతుంటే నాకో సంగతి తట్టింది. ఖరీదైన కార్ల చరిత్ర అని మనం రాసుకునేదంతా ఓనర్ల చరిత్రే. నిజాం నవాబు కోసం సింహాసనం లాంటి సీటుతో చేయించిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది, దాని గురించి ఎవరైనా చెప్తారు. కానీ ఆ కారు ఎవరి పొలానికీ ఎరువు బస్తాలు మొయ్యలేదు. నల్లరేగడిలో చక్రాలు కూరుకుపోయి ఎడ్లతో లాగించుకోలేదు. గుంటూరు, ఒంగోలు మధ్య తిరిగిన కార్ల కథ వేరు. ఆ కథ ఉండేది వాటిని నడుపుకొచ్చిన మెకానిక్కుల దగ్గర, వాళ్ళు కాగితం మీద ఏమీ పెట్టలేదు. రైతు మీద మనకి గొప్ప సాహిత్యం ఉంది. ఆ రైతు ఆయిల్ ఇంజను బాగుచేసినవాడి మీద నేను చదివినంతలో దాదాపు ఏమీ లేదు.

ముందు కార్లు ఇక్కడికెలా వచ్చాయో చూద్దాం. వర్జీనియా పొగాకు మన నేలకి అలవాటయ్యాక గుంటూరు, చీరాల, ఒంగోలు ప్రాంతాల్లో (ఒంగోలు కూడా 1970 దాకా గుంటూరు జిల్లాలోదే) నగదు కనపడింది. అదే సమయంలో అమెరికన్ కంపెనీలు ఇక్కడే కార్లు బిగించడం మొదలుపెట్టాయి. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో, ఫోర్డు ఆ తర్వాత రెండు మూడేళ్ళలో మద్రాసు, బొంబాయి, కలకత్తాలలో. పెట్టెల్లో వచ్చిన విడిభాగాల్ని బిగించి అమ్మేవాళ్ళు. అంటే పార్టు కావాలంటే మద్రాసు మెయిలెక్కితే చాలు.

స్వాతంత్ర్యం తర్వాత ఇది తలకిందులైంది. 1953లో టారిఫ్ కమిషన్ ఇక్కడ తయారుచేసేవాళ్ళకే చోటు, ఊరికే బిగించి అమ్మేవాళ్ళకి లేదని తేల్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డు మూటాముల్లె సర్దుకున్నాయి. దేశీయ పరిశ్రమ నిలబడాలంటే అది అవసరమైన నిర్ణయమే అనుకుంటాను. అయితే అప్పటికే రోడ్డు మీద ఉన్న షెవ్రొలేలు, బ్యూక్‌లు ఒక్కసారిగా అనాథలయ్యాయి. కంపెనీ లేదు, ఏజెంటు లేడు, దిగుమతికి లైసెన్సు కావాలి. డాడ్జ్, ప్లిమత్ కార్లది కొంచెం నయం. వాటిని బిగించిన బొంబాయి ప్రీమియర్ కంపెనీయే డాడ్జ్, ఫార్గో లారీలూ చేసింది కాబట్టి లారీ పార్టుల్లోంచి కారుకి పనికొచ్చేవి వెతుక్కునే వీలుండేది. లారీ బతికున్నంతకాలం కారు బతికింది.

కొత్తగా విదేశీ కారు కావాలంటే దొడ్డిదారులు రెండే. ఎంబసీలవాళ్ళు వదిలేసిన కార్లని స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మేది, అక్కడ పాడుకోవాలి. లేదా విదేశాల్లో ఉద్యోగం చేసి తిరిగొచ్చేవాళ్ళు తమతోపాటు తెచ్చుకోవాలి. రెండు దార్లలోనూ కారొస్తుంది గానీ దానివెనక పార్టులు రావు.

ఇక 1973లో చమురు ధర ఎగిరింది. ఆరు సిలిండర్లు, ఎనిమిది సిలిండర్ల కార్లు పెట్రోలు తాగుతుంటే పొగాకు షావుకార్లకీ గుండె గుభేలుమంది. అప్పటికే మద్రాసులో సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు తయారుచేస్తోంది. పాత అమెరికన్ కార్ల కడుపులోకి ఆ ఇంజన్లు దూరాయి. బయటికి ప్లిమత్, లోపల లారీ. స్టార్ట్ చేస్తే వీధి చివరిదాకా వినపడేది.

దూరాయి అని రాయడం తేలికే. పనిచేసినవాళ్ళని అడిగితే తెలుస్తుంది. ఇంజను బరువు మారితే ముందు స్ప్రింగులు కుంగుతాయి. మౌంటింగులు కొత్తగా చేయాలి. గేరుబాక్సుకీ ఇంజనుకీ మధ్య ప్లేటు ఒకటి కోసి, ఇటు రంధ్రాలు ఇటూ అటు రంధ్రాలు అటూ కలిసేట్టు చేయాలి. ఆ ప్లేటు మధ్య తప్పితే, పోస్టుకార్డు మందమంత తేడా ఉన్నా, క్లచ్చు నాలుగు నెలలు ఉండదు. ఈ పని చేయడానికి కంపెనీ ఇంజనీర్లు రాలేదు. చేసినవాళ్ళు పత్తి జిన్నింగు మిల్లుల దగ్గర లేతు షాపుల టర్నర్లు. జిన్ను షాఫ్టులు తిప్పే చెయ్యి, బుష్షులు చేసే చెయ్యి ఒకటే. 1967లో సాగర్ నీళ్ళొదిలాక కుడికాలువ కింద ట్రాక్టర్లు, ఆయిల్ ఇంజన్లు, స్ప్రేయర్లు పెరిగాయి. వాటితోపాటు ప్రతి పెద్ద ఊళ్ళో ఒక షెడ్డు, ఒక లేతు, ఒక వెల్డింగు సెట్టు వచ్చాయి. లగ్జరీ కారు మా ప్రాంతంలో బతికిందంటే దానికి ఊపిరి పోసింది వ్యవసాయ యంత్రాల రిపేరు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ స్టాండర్డ్ 2000. మద్రాసు స్టాండర్డ్ మోటార్స్ 1985లో దాన్ని మహా ఆర్భాటంగా తెచ్చింది. బాడీ ఇంగ్లండులో పేరుపొందిన రోవర్ ఎస్‌డీ1ది. పొడుగాటి ముక్కుతో చూడముచ్చటగా ఉండేది. లోపల పెట్టింది మాత్రం 1940ల నాటి స్టాండర్డ్ వాన్‌గార్డ్ ఇంజను వారసుణ్ణి. ఆ వంశానికి చెందిన ఇంజనే ఒకప్పుడు ఫెర్గూసన్ ట్రాక్టర్లో తిరిగింది! కారు అమ్ముడుపోలేదు, కొద్దికాలానికే కంపెనీ మూతపడింది. కొన్నవాళ్ళు మోసపోయారు, నిజమే. కానీ లైనర్లు ఊడదీసి మార్చుకోగల ఇంజను అది. ట్రాక్టరు మేస్త్రీకి కొత్త కాదు. ఖరీదైన బొమ్మని కంపెనీ వదిలేసి పోతే, నరసరావుపేటలోనో పర్చూరులోనో దాన్ని విప్పి బిగించగలవాడు ఉన్నాడు.

బెంజ్ కార్ల కథా ఇలాంటిదే. పూణే బజాజ్ టెంపో కంపెనీ 1987లో తెచ్చిన ట్రావెలర్ వ్యానులో ఉన్నది బెంజ్ లైసెన్సుతో చేసిన ఓఎం 616 డీజిల్ ఇంజను. 1970లలో బెంజ్ 240డి కారులో ఉన్నది ఆ కుటుంబమే. అందువల్ల దేశం మొత్తంమీద పాత బెంజ్ పెట్రోలు కార్ల గుండెలు మార్చి ఈ వ్యాను గుండె పెట్టేశారు. నా పెదనాన్నకి ఇచ్చిన సలహా వెనక ఇంత పాత అలవాటుంది. ఆ మెకానిక్‌ని తిట్టుకోవడం న్యాయం కాదు. పార్టు దొరకని నలభై ఏళ్ళలో నేర్చుకున్న వైద్యం అది.

అయితే ఈ వైద్యాన్ని జుగాడ్ అని పేరుపెట్టి మెచ్చుకునేవాళ్ళతో నాకు పేచీ ఉంది. జబ్బేమిటో కనుక్కోలేనప్పుడు అవయవం మార్చేయడం తెలివి కాదు, గతిలేకపోవడం. అలా దించేసిన ఎన్నో మంచి ఇంజన్లు విజయవాడ ఆటోనగర్లోనో, మద్రాసు పుదుపేటలోనో, ఢిల్లీ మాయాపురిలోనో తుక్కుగా తూకానికి పోయాయి. వాటిలో ఎన్నింటికి నిజంగా జబ్బుందో ఇక తేలదు. 1991 తర్వాత దిగుమతులు సడలి, 1995 నుంచి బెంజ్ పూణేలోనే తయారై, పార్టులు దొరికే రోజులు వచ్చాక కూడా అలవాటు పోలేదు. ఇంకో వైపు పెద్ద వర్క్‌షాపులు కూడా చేస్తున్నది అదేగా! స్కానర్ చెప్పకపోతే బాక్సు మార్చమంటారు. ఒకడు ఇంజను మారుస్తానంటాడు, ఇంకొకడు కంప్యూటర్ మారుస్తానంటాడు. రెండూ ఊహే.

చివరికి ఒంగోలు దగ్గర ఒక పాత మేస్త్రిగారి గురించి తెలిసింది. ఆయన అంబాసిడర్లతో మొదలుపెట్టి, గ్రానైటు డబ్బొచ్చాక చీమకుర్తివాళ్ళ విదేశీ కార్లు చూసినాయన. ఒక కంట్లో శుక్లం. కొడుకు మొబైల్ షాపు పెట్టుకున్నాడు. షెడ్డులో శిష్యులెవరూ లేరు.

ఆయన బానెట్ ఎత్తలేదు. ప్రశ్నలు వేశాడు. ఆగేముందు జర్కు ఇచ్చిందా, దీపం ఆరినట్టు ఆగిందా? ఏసీ వేసుంటే తొందరగా ఆగుతుందా? ఆగాక అద్దాలు దించి ఉంచితే తొందరగా స్టార్టవుతుందా? చివరి ప్రశ్నకి పెదనాన్న ఉలిక్కిపడ్డాడు. అవును, తలుపులు తెరిచి కూర్చున్న రోజు పావుగంటకే స్టార్టయింది. నా ఉద్యోగంలో దీన్ని బగ్ రీప్రొడ్యూస్ చేయడం అంటాం. ఎప్పుడు వస్తుందో కచ్చితంగా చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

"బండి ఎండలో పెట్టు బాబూ, అద్దాలెక్కించి," అన్నాడు. రెండు గంటలు నిలబెట్టాం. అరగంట తిప్పుకొచ్చేసరికి షెడ్డు ముందే ఆగింది. మేస్త్రిగారు వెనకసీట్లోకి ఎక్కి సీటుకి చెవి ఆనించి పడుకున్నాడు. "తాళం వెయ్." వేశాను. "మళ్ళీ." వేశాను. తాళం వేయగానే వెనక పెట్రోలు పంపు రెండు సెకన్లు జుమ్మనాలి. అనలేదు. తర్వాత పంపుకి బ్యాటరీ నుంచి నేరుగా వైరిచ్చాడు. జుమ్మంది. అంటే పంపు మంచిదే, దానికి కరెంటు పోవడం లేదు. పంపుకి కరెంటిచ్చేది అరచేతిలో పట్టే ఒక రిలే. దాని మూత ఊడదీసి నా చేతిలో పెట్టి, "నాకు కనపడదు, నువ్వు చూడు. టంకం చుట్టూ గీత ఉందా?" అన్నాడు.

ఫోను కెమెరాలో జూమ్ చేస్తే కనపడింది. ఒక కాలు చుట్టూ వెంట్రుకంత నల్లటి ఉంగరం. ముప్పై ఏళ్ళ వేడికీ చలికీ టంకం చిట్లింది. లోపల వేడెక్కితే విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. బజార్లో టీవీ రిపేరు షాపులో మళ్ళీ టంకం పెట్టించాం. అతను యాభై రూపాయలు తీసుకున్నాడు.

పెదనాన్న మేస్త్రిగారికి ఐదువేలు ఇవ్వబోతే ఆయన వెయ్యి తీసుకుని, మిగతావి తిరిగిచ్చాడు. ఎంత బతిమాలినా వినలేదు. కారులో వస్తూ పెదనాన్న, ఇంజను దించేసుంటే కొత్తదీ బాగానే నడిచేదని, అదే జబ్బని జీవితాంతం అనుకునేవాడినని అన్నాడు. ఇంటికొచ్చాక పెద్దమ్మకి మాత్రం యాభై రూపాయల సంగతి చెప్పొద్దన్నాడు. చెప్తే, ఇన్నాళ్ళూ ఖర్చుపెట్టినదంతా ఏమైందని అడుగుతుంది.

ఆ తర్వాత నాలుగుసార్లు మేస్త్రిగారి దగ్గరికి వెళ్ళాను, ఆయన అడిగే ప్రశ్నలు రాసుకుందామని. జవాబులు కాదు, ప్రశ్నలే. ఇప్పటికి నూటపది దాకా అయ్యాయి. రాసుకుంటుంటే ఆయనకి విసుగు. "రాస్తే ఏమొస్తుంది, చెవి ఆనించాల" అంటాడు. షెడ్డులో ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. నలభై ఏళ్ళలో ఆయన బాగుచేయలేకపోయిన రిలేలు, సెన్సార్లు అందులో దాచాడు. ప్రతి దానికీ ఒక గుడ్డపీలిక, దాని మీద బండి నంబరు. కంటి ఆపరేషన్ అయ్యాక అవన్నీ మళ్ళీ విప్పి చూస్తానన్నాడు. ఆపరేషన్ వచ్చే నెల.