లక్కపూసల లోలాకులు

చెక్కపూసకు రంగులక్క పట్టించి, సన్నని తీగకు గుచ్చి, కొక్కేనికి వేలాడదీసే చెవి నగలే లక్కపూసల లోలాకులు. ఉత్తరాంధ్రలో ఈ పూసలకు పుట్టినిల్లు ఏటికొప్పాక. విశాఖపట్నానికి 60 కిలోమీటర్లకు పైగా దూరంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలోదే; ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. పూస చేయడానికి తరిణె కావాలి, అనుభవమున్న చెయ్యి కావాలి. ఆ పూసను నగగా కూర్చడానికి మాత్రం రెండు పటకార్లు, ఒక తీగ కత్తెర, ఇంట్లో చాపంత చోటు చాలు.

ఈ పూస గొప్పతనమంతా దాని తేలికలోనే ఉంది. చెవి తమ్మెలో ఎముక ఉండదు, మృదులాస్థీ ఉండదు. రోజంతా బరువు వేలాడితే కుట్టిన రంధ్రం కిందికి సాగుతుంది. బరువైన బుట్టకమ్మలకు మాటీలు తగిలించి, ఆ బరువును జుట్టు మీదికి మళ్లించడం అందుకే. అంకుడు కర్రతో చేసిన పూస, అంతే పరిమాణం ఉన్న గాజుపూసలో సగం బరువు కూడా తూగదు. అందుకే రేగుపండంత పూసనైనా మాటీల అవసరం లేకుండా పెట్టుకోవచ్చు.

చెక్క, లక్క, రంగు

అంకుడు చెట్టునే పాలకొడిశ అని కూడా అంటారు. దాని కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది. తరిణె మీద ఉలి ఆనించగానే పెచ్చులూడకుండా గుండ్రంగా దిగుతుంది. లక్క అంటే మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద బతికే లక్కపురుగులు స్రవించే జిగురు. దాన్ని వేడిచేసి, రంగు కలిపి, సాగదీసి కడ్డీలు చేస్తారు. తిరుగుతున్న పూసకు కడ్డీని ఒత్తిపెడితే రాపిడి వేడికి లక్క కరిగి చెక్కను అంటుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో అదిమి మెరుగు పెడతారు. కుంచెతో పనే ఉండదు.

పసుపుకొమ్ము నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమొక్క నుంచి నీలం వస్తాయి. రసాయన రంగులు చొచ్చుకొచ్చిన కాలంలో ఇదే ఊరికి చెందిన సి.వి. రాజు మొక్కల రంగులను మళ్లీ తరిణె దగ్గరికి తెచ్చారు. ఆయనకు 2023లో పద్మశ్రీ దక్కింది. ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లో వచ్చింది.

గాజుపూస తోడు

లక్కపూస అడుగున ఒక చిన్న గాజుపూస ఉంటే తీగ తల రంధ్రంలోంచి జారిపోదు. గాజుపూసలకూ తెలుగునాట పాత చరిత్రే ఉంది. రేణిగుంట దగ్గరి పాపానాయుడుపేటలో కరిగిన గాజుముద్దను బోలు గొట్టంలా సన్నగా సాగదీసి, ముక్కలు కోసి పూసలు చేసేవారు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండు వేల ఏళ్ల కిందటే ఈ తరహా పూసలు తయారయ్యాయి. హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికాకూ, ఆగ్నేయాసియాకూ చేరిన ఈ రకానికి ‘ఇండో-పసిఫిక్ పూసలు’ అని పేరు పెట్టింది అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్.

ఇంట్లో కూర్పు

చేతితో చేసిన పూసలు అచ్చుగుద్దినట్టు ఉండవు. పని మొదలుపెట్టకముందే జతలు ఏరి పెట్టుకోవాలి.

ఒక్కో లోలాకుకు సుమారు 5 సెంటీమీటర్ల హెడ్‌పిన్ (ఒక కొసన తల ఉన్న తీగ) సరిపోతుంది. మొదట గాజుపూస, తర్వాత లక్కపూస, పైన చిన్న ఇత్తడి టోపీ గుచ్చాలి. మిగిలిన తీగను టోపీ మీద లంబకోణంలో వంచి, 8 మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించాలి. గుండ్రని మొన ఉన్న పటకారుతో తీగ కొసను పట్టుకుని మణికట్టు తిప్పితే అది ఉంగరంలా చుట్టుకుంటుంది. కొస వచ్చి తీగను తాకాలి. సందు మిగిలితే జుట్టు చిక్కుకుంటుంది, కొక్కెమూ జారిపోతుంది. కొక్కెం తగిలించడానికి ఉంగరాన్ని మళ్లీ తెరవాల్సివస్తే రెండు వైపులకూ లాగకూడదు. కొసను పక్కకు, తలుపు తీసినట్టు తిప్పాలి. లాగి వెడల్పు చేసిన ఉంగరం తిరిగి గుండ్రంగా రాదు.

కొక్కెం, ఉప్పుగాలి

కొక్కేనికి మామూలు ఉక్కు పనికిరాదు; ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. రాగి, ఇత్తడి కొక్కేలు చెమటకు, సముద్రపు తేమకు నల్లబడి పచ్చచిలుము ఎక్కుతాయి. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, వెండి మేలైనవి. చవక కొక్కేల్లో నికెల్ ఉంటే కొందరికి తమ్మె ఎర్రబడి దురద పెడుతుంది. ఐరోపా సమాఖ్య నిబంధన ప్రకారం చెవి రంధ్రంలో ఉండే లోహం నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదు.

వాడకం

లక్క ఆల్కహాలులో కరుగుతుంది. సెంటు, శానిటైజరు తగిలితే పూస మెరుగు పోయి జిగటబారుతుంది. అందుకే సెంటు ఆరాకే లోలాకులు పెట్టుకోవాలి. ఎండలో నిలిపిన కారులో వదిలేసినా లక్క మెత్తబడుతుంది. పెట్టుకుని తీసిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తుడిచి, పూసలు ఒకదానికొకటి రాసుకోకుండా దాచాలి. కొక్కెం పాడైతే పైనున్న ఉంగరాన్ని పక్కకు తిప్పి, కొత్తది తగిలించి, అదే పూసను మళ్లీ వాడుకోవచ్చు.