పిల్లల పులివేషం

పిల్లల పులివేషం అనగా చిన్నపిల్లలకు తల నుండి కాళ్ళ వరకు తొడిగేందుకు ఇంటివద్ద గుడ్డతో కుట్టే పులి ఆకారపు దుస్తులు. పాఠశాలలలో జరిగే విచిత్ర వేషధారణ పోటీలకు, వార్షికోత్సవాలకు, నవంబరు 14న జరిగే బాలల దినోత్సవానికి వీటిని వాడుతారు. ఇదే పద్ధతిలో ఎలుగుబంటి, కోతి, కుందేలు వేషాలను కూడా తయారు చేయవచ్చు.

నేపథ్యం

పులివేషం తెలుగువారి జానపద కళలలో ఒకటి. కోస్తా ప్రాంతంలో ముఖ్యంగా దసరాకు, తెలంగాణలో పీర్ల పండుగకు (మొహర్రం) పులివేషగాళ్ళు డప్పుల దరువుకు ఆడుతూ వీధులలో తిరుగుతారు. కర్ణాటక తీరప్రాంతంలో ఇటువంటి కళను హులివేష అనీ, కేరళలోని త్రిస్సూరులో పులికళి అనీ అంటారు. పెద్దల వేషంలో ఒంటికి పసుపుపచ్చ రంగు పూసి, నల్లని చారలు దిద్ది, తోక కడతారు. ఎనామిలు రంగులు పూసినట్లయితే వాటిని వదిలించడానికి కిరోసిన్ వంటివి రుద్దవలసి వస్తుంది. పిల్లల లేత చర్మానికి ఈ రెండూ హానికరమే. అందువలన వారికి గుడ్డతో కుట్టిన వేషమే మేలు.

తయారీ విధానం

* కొలతలు: ఎత్తు, ఛాతీ, నడుము కొలతలతో పాటు, భుజం నుండి కాళ్ళ మధ్యగా వెనుకకు తిరిగి అదే భుజం వరకు గల చుట్టుకొలత తీసుకోవాలి. ఇది తక్కువైతే పిల్లవాడు కూర్చున్నపుడు కుట్లు తెగిపోతాయి. కొలతలకు 8-10 సెంటీమీటర్ల వదులు కలుపుకోవాలి.
* ఒళ్ళు: పసుపుపచ్చ లేదా నారింజరంగు నూలు గుడ్డను చొక్కా, పైజామా కలిసిన ఒకే దుస్తుగా కుట్టి, ముందుభాగంలో పొడవాటి జిప్పు పెట్టాలి. నల్లగుడ్డ ముక్కలను చారలుగా కుట్టాలి. జిగురుతో అతికిస్తే ఉతికినపుడు ఊడిపోతాయి.
* తోక: దూది లేదా గుడ్డపీలికలు నింపి నడుము వెనుక గట్టిగా కుట్టాలి. కాలికి తగలకుండా మోకాలి పైవరకే ఉంచాలి.
* తల: ముఖం తెరిచి ఉండే టోపీకి స్పాంజి చెవులు కుట్టాలి. కాగితపు గుజ్జుతో చేసిన పులి ముఖాన్ని నుదుటికి పైన అమర్చవచ్చు.

జాగ్రత్తలు

పెద్దలకన్నా పిల్లలకు చెమట తక్కువగా పడుతుంది. ఒళ్ళంతా కప్పే దుస్తులలో ఆ కొద్ది చెమట కూడా ఆరదు కనుక శరీరం త్వరగా వేడెక్కుతుంది. ఉదాహరణకు వికారాబాదు జిల్లాలోని తాండూరు, బషీరాబాద్ ప్రాంతాలలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అటువంటి ఎండలో ఈ వేషం వేయరాదు. ఇతర సమయాలలో కూడా ప్రదర్శనకు కొద్దిముందు తొడిగి, ముగియగానే విప్పి, మంచినీరు తాగించాలి.

ముక్కు, నోరు, కళ్ళు మూసే తొడుగులు వాడరాదు. మెడ చుట్టూ తాళ్ళు కట్టరాదు. పాలిస్టరు గుడ్డ నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. నూలు గుడ్డ కరగకపోయినా సులభంగా మండుతుంది. కావున ఏ గుడ్డతో కుట్టినా దీపాలకు, బాణసంచాకు దూరంగా ఉంచాలి. వేషం పులిని ఎంతగా పోలినా, పెద్దలు దానిని క్షణాలలో విప్పగలిగినప్పుడే అది పిల్లలకు తగినది.

ఇవి కూడా చూడండి

* పగటి వేషాలు
* పీర్ల పండుగ
* దసరా