ఫోటో కింద పేరు లేని మనోళ్ళు



పోస్టు కొంచెం పొడుగే అయింది, తీరిక ఉన్నప్పుడు చదవండి. ప్రతి ఏడాది ఆగస్టు 9 వచ్చినా, కుమ్రం భీం వర్ధంతి వచ్చినా మన గ్రూపుల్లో కొన్ని నలుపు తెలుపు ఫోటోలు తిరుగుతుంటాయి. నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలు, మెడ నిండా పూసలేసుకున్న అవ్వలు, గడ్డి ఇంటి ముందు నిలబడ్డ పిల్లలు. కింద "పాతకాలపు ఆదివాసీలు, ఆదిలాబాద్" అని ఉంటది. మనం దండం బొమ్మ పెడతాం, షేర్ కొడతాం, అయిపాయె. ఆ ఫోటో ఎవరు తీసిండ్రు, ఎందుకు తీసిండ్రు, అందులో ఉన్నోళ్ళు ఎవరి తాతలు అని అడిగినోళ్ళు తక్కువ. నేను హిస్టరీ స్టూడెంట్‌ని కాబట్టి లైబ్రరీలో దొరికినవి, ఊర్లో పెద్దోళ్ళను అడిగి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నా.

మన దేశంలో ఆదివాసీల ఫోటోలు తీయడం మొదలైంది మన మీద ప్రేమతో కాదు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిషోళ్ళకు తాము ఏలే జనం ఎవరో తెలుసుకోవాలన్న తొందర పుట్టింది. 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలుగా "ది పీపుల్ ఆఫ్ ఇండియా" అనే ఫోటోల పుస్తకం తెచ్చిండ్రు. తర్వాత మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేసిండు. ఆయన మనుషుల తలలు, ముక్కులు కొలిచే పనిముట్లు పట్టుకుని తిరిగేటోడు. ఆ పుస్తకాల్లో మనిషి ఒక నమూనా. ఎదురుంగ ఒక ఫోటో, పక్క నుంచి ఒక ఫోటో, కింద తెగ పేరు. ఇప్పుడు పోలీస్ స్టేషన్‌లో తీసే ఫోటోలు చూస్తే నాకు అవే గుర్తొస్తాయి.

మన గ్రూపుల్లో తిరిగే ఆదిలాబాద్ ఫోటోల్లో చాలా వరకు వీటి కన్నా తర్వాతివి. వాటి వెనక ఉన్నది క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. మార్లవాయి వైపు ఈ పేరు తెలియని ఇల్లు ఉండదు. కానీ ఆయన మన దగ్గరికి ఎట్లా వచ్చిండో చాలా మందికి తెలియదు. ఆయన 1909లో వియన్నాలో పుట్టిండు. అంతకు ముందు నాగా కొండల్లో పని చేసిండు. 1939లో మళ్ళీ ఇండియాకు వచ్చేసరికి యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అప్పటికే జర్మనీ కలిపేసుకుంది, ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే బ్రిటిషోళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ రాజ్యం దాటి పోవద్దని కట్టడి చేసిండ్రు. అట్లా కదలనీయక ఆపిన మనిషి, భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి ముందు నల్లమల చెంచుల దగ్గర, తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గర ఉన్నడు. చెంచుల మీద పుస్తకం 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజ్ గోండుల మీద 1948లో వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి మర్చిపోవద్దు. 1940లో జోడేఘాట్‌లో భీంను, ఆయనతో ఉన్నోళ్ళను నిజాం పోలీసులు కాల్చి చంపిండ్రు. ఆ తర్వాతే ఈ గోండులు ఎందుకు తిరగబడ్డరు అని సర్కారుకు తెలుసుకోవాలనిపించింది. హైమన్‌డార్ఫ్‌ను గోండుల దగ్గరికి పంపింది ఆ అవసరమే. 1945లో అచ్చయిన ఆయన నివేదికల్లో భూములు పోయిన తీరు, అటవీ శాఖ వేధింపులు ఉన్నాయి. కాబట్టి మనం ముచ్చటపడి షేర్ చేసే ఆ ఫోటోల వెనక తుపాకి మోత ఉంది. భీం పోరాటం లేకుంటే ఆ కెమెరా మన గూడేల దాకా వచ్చేది కాదని నా అభిప్రాయం.

ఆయనను నేను దేవుడిని చేయట్లేదు. జీతం ఇచ్చింది నిజాం సర్కారే. కానీ పని మాత్రం చేసిండు. 1943లో మార్లవాయిలో టీచర్ ట్రైనింగ్ సెంటర్ పెట్టించిండు, గోండి వాచకాలు రాయించిండు, వేల కుటుంబాలకు పట్టాలు ఇప్పించడంలో ఆయన చేయి ఉంది. 1970ల్లో మళ్ళీ వచ్చి అవే ఊళ్ళను చూసి, రాసుకున్న పాత రాతలతో పోల్చి 1982లో ఇంకో పుస్తకం వేసిండు. బయటోళ్ళు వచ్చి పడ్డంక చేతిలో పట్టా ఉన్నోళ్ళు కూడా భూమి ఎట్లా పోగొట్టుకున్నరో అందులో ఉంది. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేసిండ్రు. ఆయన 1995లో లండన్‌లో పోయిండు. తర్వాత ఆయన అస్థికలు కూడా తెచ్చి ఆమె పక్కనే పెట్టిండ్రు.

మరి ఫోటోలు ఎక్కడున్నయి? లండన్ యూనివర్సిటీలో సోయాస్ అనే విద్యాసంస్థ ఉంది, ఆయన ప్రొఫెసర్‌గా చేసింది అక్కడే. వేల ఫోటోలు, 16 ఎంఎం సినిమా రీళ్ళు, డైరీలు అన్నీ అక్కడే దాచిండ్రు. ఫోటోలు చాలా వరకు ఆన్‌లైన్‌లో పెట్టిండ్రు, ఫోన్‌లో చూడొచ్చు.

పోయిన దివాళీకి ఊరికి పోతూ కొన్ని ఫోన్‌లోకి దింపుకుని పోయిన (మా ఊర్లో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలె). దండారి ఆట ఆగినంక మంట చుట్టూ కూర్చున్న పెద్దోళ్ళకు చూపిస్తే వాళ్ళు చూసినవి నేను చూసినవి కాదు. నేను మొఖాలు చూసిన. ఒక అవ్వ చీర కట్టు చూసి "ఇది మనోళ్ళ కట్టు కాదు, కోలామోళ్ళది" అన్నది. ఒక తాత ఇంటి గోడకు తడిక అల్లిన తీరు చూసిండు. ఇంకో తాత మనుషులను వదిలేసి వెనకున్న గుట్ట వరుస చూసి, ఆ ఊరు ఏ దిక్కున ఉంటదో చెప్పిండు. ఇంగ్లీషులో ఒక్క ముక్క రాని మనుషులు, ఆ ఫోటో కింద రాసినదాని కన్నా ఎక్కువ చదివిండ్రు. తర్వాత ఆ అవ్వ నన్ను అడిగింది: "పాడి ఏంది?" అంటే ఇంటిపేరు. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే చాలా ఫోటోల కింద తెగ, ఊరు, ఏడాది ఉంటాయి గాని మనిషి పేరు ఉండదు.

గోండేతర మిత్రుల కోసం కొంచెం వివరంగా చెప్తా. మాలో పేరు అంటే పిలుచుకోవడానికి ఒక మాట కాదు. మెస్రం అని తెలిస్తే ఏడు దేవుళ్ళ సగా అని తెలుస్తది, కేస్లాపూర్ నాగోబా ఆ ఇంటి దేవుడని తెలుస్తది. ఏడు, ఆరు, ఐదు, నాలుగు దేవుళ్ళ సగాల్లో మనిషి ఎందులోడో తెలిస్తే ఎవరితో వియ్యం కుదురుతది, ఎవరు అన్నదమ్ములు, ఏ పెర్సాపేన్‌కు మొక్కుతరు, వాళ్ళ కథ పాడే పర్ధాన్ ఇల్లు ఏది అన్నీ వరుసగా వస్తాయి. ఇంటిపేరు లేకుంటే ఆ తాళం తెరుచుకోదు. "గోండు స్త్రీ, 1941" అని రాస్తే లండన్‌లో ఉన్నోళ్ళకు సరిపోతదేమో. మనకు మాత్రం ఆ ఫోటో నోరు తెరవనట్టే.

1941లో పదేళ్ళ పిల్లకు ఇప్పుడు తొంభై దాటుతాయి. మన దగ్గర తొంభై ఏళ్ళోళ్ళు ఎంత మంది ఉన్నరో వేళ్ళ మీద లెక్కపెట్టండి.

ఇప్పుడు గుంజాల సంగతి. నాకు ఇది అన్నింటి కంటే ఇష్టమైన ముచ్చట. మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ వాచకాలు రాయించినప్పుడు దేవనాగరి లిపిలో రాయించిండు. గోండికి సొంత లిపి లేదనే అప్పుడు అందరి లెక్క. అదే సమయంలో, మార్లవాయి ఉన్న జైనూర్ మండలానికి పక్కనే, నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు ఇంట్లో పదిలంగా ఉన్నాయి. అవి బయట ప్రపంచానికి తెలిసింది 2006లో, ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు, ఆయన బృందం వచ్చినప్పుడు. ప్రతులు సుమారు 1750 నాటివని అంచనా వేసిండ్రు. చంద్రాపూర్ గోండు రాజుల వంశావళి అందులో ఉంది. ఊర్లో అప్పటికీ ఆ లిపి చదవగల పెద్దోళ్ళు కొద్ది మంది మిగిలి ఉన్నరు కాబట్టి పిల్లలకు నేర్పించడం సాధ్యమైంది. 2018లో గుంజాల గోండి లిపిని యూనికోడ్‌లో చేర్చిండ్రు. మధ్యప్రదేశ్‌లో 1918లో మున్షీ మంగల్ సింగ్ మసారాం తయారు చేసిన ఇంకో గోండి లిపి ఉంది, రెండూ వేరు, కలపొద్దు.

ఇంకో పదేళ్ళు ఎవరూ రాకపోతే? చదివే తాతలు పోయేటోళ్ళు, పెట్టెలో కాగితాలు మాత్రం ఉండేవి. నిజాం కాలం పట్టా కాగితాలకు ఇప్పుడు జరుగుతున్నది అదే. అవి ఉర్దూలో ఉంటాయి. ఇంట్లో ఎవరికీ చదవరాదు, అయినా రేకు పెట్టెలో బట్టలో చుట్టి దేవుడి లెక్క దాస్తరు. మన చరిత్ర లండన్‌లో ఇంగ్లీషులో ఉంది, పెట్టెలో ఉర్దూలో ఉంది, గుంజాలలో గోండిలో ఉంది. మనం హాస్టల్‌లో చదువుకున్నది తెలుగు.

వస్తువుల దగ్గరికి వద్దాం. మ్యూజియంలో అద్దం వెనక పర్ధానుల కిక్రి చూస్తే నాకు బాధ అనిపిస్తది. మూడు తీగల వాయిద్యం అని చీటీ అంటిస్తరు. ఆ తీగల మీద సగా కథ మొత్తం పాడే మనిషి లేకుంటే అది కట్టె ముక్కే. కోయల పడిగెలు కూడా అంతే. త్రికోణం గుడ్డ మీద పూర్వీకుల బొమ్మలుంటాయి, డోలీ వాళ్ళు ఒక్కో బొమ్మ చూపిస్తూ కథ చెప్తరు. పాడే మనిషి నుంచి విడదీసి గోడకు కొడితే మిగిలేది రంగు. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చిండ్రు, 2024లో పోయిండు. ఆయన తలమీది టోపీని మ్యూజియం దాచగలదు, కాలు వేసే తీరును దాచేది మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలే.

ఓజ వాళ్ళు మైనం అచ్చు పోసి చేసే ఇత్తడి వస్తువులు మాత్రం కొనండి, ఇంట్లో పెట్టుకోండి. అవి అమ్మకానికి చేసినవే. కానీ పెర్సాపేన్ వస్తువులు, చవరం, బల్లెం, గంటలు, ఇవి వేరు. పూజ రోజు తప్ప బయటికి తీయనివి. ఈ మధ్య మనోళ్ళే పూజలో ఫోన్లు లేపి లైవ్ పెడుతున్నరు. థర్‌స్టన్ అడగకుండా తీసిండని తిట్టే మనం పటేల్‌ను, కటోడాను అడగకుండా తీస్తే తేడా ఏముంది? ప్రతీది రికార్డు చేయాలె అనే మాటకు నేను ఒప్పుకోను.

ఇదంతా పాత ముచ్చట్ల సరదా కాదని చెప్పడానికి ఒక చట్టం సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నిబంధనల్లో 13వది ఆధారాల గురించి ఉంటది. సర్కారు కాగితాలే కాదు. ఇళ్ళు, గట్లు, పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు కూడా ఆధారాలే. పేరున్న సంస్థలు ఆచారాల మీద చేసిన పరిశోధనలు, పాత రికార్డుల్లో ఉన్న మనిషి దాకా చూపే వంశావళి, హక్కు అడిగే మనిషి కాకుండా వేరే పెద్దమనిషి చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా చెల్లుతాయి. ఒకటి కంటే ఎక్కువ ఆధారాలు చూడాలని కూడా అందులోనే ఉంది. ఇప్పుడు ఆలోచించండి. ఊరు పేరు, ఏడాది ఉన్న పాత ఫోటో ఒకటి, అందులో ఉన్నోళ్ళు ఎవరో ఒక పెద్దమనిషి చెప్పిన మాట ఒకటి, ఆ మనిషి నుంచి ఇప్పటి కుటుంబం దాకా వంశావళి ఒకటి. మూడూ కలిపి గ్రామసభ ముందు పెడితే దావా ఎంత గట్టిపడతది! పేరు లేని ఫోటో అందమైన బొమ్మగానే ఉండిపోతది.

పోగొట్టుకున్నది ఎట్లుంటదో నిర్మల్ పోతే తెలుస్తది. 1860లో రాంజీ గోండును, ఆయన మనుషులను ఉరి తీసిండ్రని చెప్పే వెయ్యి ఉరుల మర్రి ఇప్పుడు లేదు. పేరు మిగిలింది, స్తూపం మిగిలింది.

అందుకే ఒక పని అడుగుతున్నా. ఈసారి దండారి సెలవులకు ఊరికి పోయేటప్పుడు మీ వైపు పాత ఫోటోలు ముందే దింపుకుని పోండి. పెద్దోళ్ళకు చూపించి ఏం చెప్తే అది వాళ్ళ భాషలోనే, వాళ్ళు ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. ఎవరు చెప్పిండ్రు, ఏ రోజు, ఏ ఊర్లో అనేది తప్పకుండా రాయండి. ఇద్దరు రెండు పేర్లు చెప్తే రెండూ రాయండి, మీరు తీర్పు చెప్పొద్దు. ఇంట్లో పాత పట్టా ఉంటే లామినేషన్ చేయించొద్దు, ఆ వేడికి పాత కాగితం పాడైతది, మళ్ళీ విడదీయరాదు. వెలుతురులో రెండు దిక్కులా ఫోటో తీసి, చదివిన బట్టలో చుట్టి మళ్ళీ పెట్టెలోనే పెట్టండి. పట్టా ఫోటోలు మాత్రం గ్రూపులో వేయొద్దు, సర్వే నంబర్లు ఉంటాయి.

జైనూర్, సిర్పూర్ యు వైపు ఫోటోలు నేను చూస్తున్నా. నార్నూర్, ఉట్నూర్, తిర్యాణి వైపు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే కింద ఊరి పేరు రాయండి, పంచుకుందాం. నల్లమల చెంచు అన్నలు, భద్రాచలం, రంపచోడవరం వైపు కొండరెడ్డి అక్కలు కూడా రావాలె. మీ తాతల ఫోటోలు కూడా ఆ లండన్ పెట్టెల్లోనే ఉన్నాయి, వాళ్ళను గుర్తుపట్టడం మాకు రాదు.