అలికిన ఇల్లు

మా తంబళ్లపల్లెలో శవం లేచిన ఇంటిని అలకడం ఆడవాళ్ల పని. 1981లో, నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, మా వీధిలో ఒక కొత్త కోడలు చనిపోయింది. కడుపునొప్పి తాళలేక శనక్కాయల చేనుకు తెచ్చిన పురుగుమందు తాగిందన్నారు. పోలీసులు వచ్చేసరికి ఆ పిల్లను వసారాలో పడుకోబెట్టారు. వాంతి చేసుకున్న గదిని పేడతో అలికారు. గ్లాసు తోమి బోర్లించారు. చీర మార్చారు. ఆ చేసినవాళ్లలో మా అవ్వ కూడా ఉంది. ఊరి పెద్దలు నలుగురు పంచనామా మీద సంతకాలు పెట్టారు. నలుగురూ మగవాళ్లే. అనుమానమేమీ లేదని రాసి, పోస్టుమార్టం లేకుండానే మట్టి చేశారు.

పదేళ్ల తర్వాత యూనివర్సిటీలో ఫోరెన్సిక్ సైన్స్ చదవడానికి చేరాను. మొదటి వారంలోనే ఎడ్మండ్ లొకార్డ్ గురించి పాఠం. 1910లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో పోలీసు ప్రయోగశాల పెట్టినవాడు. రెండు వస్తువులు తాకితే ఒకదాని ఆనవాలు మరొకదానికి అంటుకుంటుందన్నది ఆయన సూత్రం. క్లాసులో అందరూ రాసుకుంటున్నారు. నాకు మాత్రం పచ్చిగా అలికిన ఆ గది కనబడింది. అలకగానే పండగ కాదంటారు. అలకగానే సాక్ష్యం మాత్రం పోతుందని ఆ రోజు తెలిసింది.

ఈ శాస్త్రానికి మా ప్రాంతంతో సంబంధం కొత్తదేమీ కాదు. విషపరీక్షల కోసం మన దేశంలో మొదటి రసాయన పరీక్షకుడి ప్రయోగశాల 1849లో మద్రాసులో ఏర్పడింది. మదనపల్లె తాలూకా అప్పుడు మద్రాసు రాజధానిలోని కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా 1911లోగానీ పుట్టలేదు. విషం అనుమానం ఉన్న శవం నుంచి కడుపు, కాలేయం ముక్క, మూత్రపిండం తీసి, ఉప్పు కరిగినంతా కరిగించిన నీళ్లలో వేసి, సీలు వేసి పంపడం ఇప్పటికీ ఉన్న పద్ధతే. ఊరగాయ చెడకుండా కాపాడే ఉప్పే అక్కడా పని చేస్తుంది. ఆ సీసా మా వీధి నుంచి బయల్దేరనే లేదు. శవపరీక్ష అవసరమా కాదా అన్నది అప్పటి చట్టం ప్రకారం చాలావరకు పోలీసు అధికారి అనుమానం మీద ఆధారపడి ఉండేది. ఆయనకు అనుమానం రాలేదు.

మా పుస్తకాలకు మాత్రం ఆడవాళ్ల మీద అనుమానాలు చాలానే ఉండేవి. 1920లో తొలిసారి అచ్చయి, తరతరాల డాక్టర్లకూ లాయర్లకూ ప్రామాణికమైన మోదీ వైద్యన్యాయశాస్త్ర గ్రంథంలో కన్యాత్వ లక్షణాలను వివరంగా చదువుకున్నాం. మగవాడి శీలానికి శరీరంలో గుర్తులు ఎక్కడుంటాయో ఏ అధ్యాయంలోనూ లేదు. ఈ సంగతి అడిగితే పాఠం చెప్పే ఆయన నవ్వి, పేజీ తిప్పమన్నారు.

ఆ పేజీ కోర్టుల్లో ఏం చేసిందో మథుర కేసు చెప్తుంది. 1972లో పోలీసు స్టేషన్లో జరిగిన అత్యాచారం అది. ఆమెకు లైంగిక సంబంధాలు అలవాటేనని సెషన్స్ కోర్టు అంది. ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ప్రతిఘటించలేదని 1978లో సుప్రీంకోర్టు అంది. 1979లో ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధాగంవార్, రఘునాథ్ కేల్కర్ బహిరంగ లేఖ రాశారు. దేశమంతా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆత్మహత్య చేసుకున్న, లేదా అనుమానాస్పదంగా చనిపోయిన స్త్రీ శవాన్ని పరీక్షకు పంపాలన్న నియమమూ అదే ఏడు వచ్చింది. మా వీధి పిల్లకు అది రెండేళ్లు ఆలస్యం.

రెండువేళ్ల పరీక్ష స్త్రీ గోప్యతకూ గౌరవానికీ భంగమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2013 రావాల్సి వచ్చింది. అది చేసినవాళ్లు దుష్ప్రవర్తనకు దోషులవుతారని 2022లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అంతటితో అయిపోలేదు. వైద్య విద్యార్థుల ఫోరెన్సిక్ పాఠ్యాంశాల్లోకి కన్యాత్వం 2024లో తిరిగొచ్చింది, గొడవయ్యాక కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. తుడిచినకొద్దీ పైకి తేలే మరక అది.

శాస్త్రం ముందుకు పోలేదా అంటే, పోయింది. 1988లో హైదరాబాదు సీసీఎంబీలో లాల్జీ సింగ్ స్వదేశీ డీఎన్ఏ పరీక్షా పద్ధతిని తయారుచేశారు. అయినా ఆయేషా మీరా కేసులో ఏం జరిగింది? 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఆమెను చంపారు. 2010లో శిక్షపడిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. సీబీఐ మళ్లీ దర్యాప్తు మొదలుపెట్టే నాటికి కింది కోర్టులో ఉండాల్సిన సాక్ష్యాధారాలు ధ్వంసమైపోయాయి. 2019లో తెనాలిలో ఆమె అవశేషాలను సమాధి నుంచి తీసి మళ్లీ పరీక్షించారు. ఇక్కడ ఇల్లు అలికింది ఏ అవ్వా కాదు.

2024 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, ఏడేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వెళ్లాలి. రాష్ట్రాలకు అయిదేళ్ల గడువుంది. మంచిదే. కానీ భర్త, అత్తమామల క్రూరత్వానికి శిక్ష మూడేళ్లలోపే. అంటే చనిపోతే నిపుణులు వస్తారు. బతికుండి దెబ్బలు చూపిస్తే రానక్కర్లేదు.

చదువు అయిపోయి ఊరికి వచ్చినప్పుడు అవ్వను నిలదీశాను. ‘‘ఎందుకలికినారవ్వా? సాక్ష్యమంతా పోయె గదా!’’

అవ్వ వక్క కత్తిరిస్తా చాలాసేపు మాట్లాడలేదు. ‘‘పీనుగున్న ఇల్లు అలక్కుండా ఎట్ల పెడతారే?’’ అంది. తర్వాత మెల్లిగా అంది: ‘‘చీర మార్చింది నేనే గదా. ఈపు నిండా వాతలుండె. పాతవి, కొత్తవి.’’

‘‘మరి చెప్పలేదే?’’

‘‘ఎవురడిగినారే మమ్మల్ని?’’

చట్టం పంచనామాకు పిలవమన్నది ఇరుగుపొరుగులోని గౌరవనీయులను. ఆ పిల్ల ఒంటిని చివరిసారి తాకి, చూసి, కడిగినవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. లొకార్డ్ సూత్రం తప్పేమీ కాదు. ఆనవాలు పోలేదు. అది పదేళ్లుగా మా అవ్వ దగ్గరే ఉంది.