ఎడారి బాబూనజ్

ఎడారి బాబూనజ్ చామంతి కుటుంబానికి చెందిన చిన్న మొక్క. శాస్త్రీయ నామం మాట్రికేరియా ఆరియా. స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా మొదలుకొని అరేబియా, ఇరాన్ మీదుగా మధ్య ఆసియా దాకా పొడి నేలల్లో దానంతటదే మొలుస్తుంది. చలికాలపు వానకు మొలకెత్తి, వసంతంలో పూసి, ఎండలు ముదిరేసరికి గింజ రాల్చి ఎండిపోతుంది. తోటల్లో పెంచే కామొమైల్ పువ్వు చుట్టూ తెల్లని రేకులుంటాయి. దీనికి అవి లేవు. పసుపుపచ్చని గుండీ ఒక్కటే.

పువ్వును నలిపితే ఆపిల్ వాసన వస్తుంది. ఇలాంటి పూలను గ్రీకులు ఖమైమేలోన్, అంటే 'నేల ఆపిల్' అన్నారు. ఆ పేరు వాసన వల్లే వచ్చిందని క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. కామొమైల్ అన్న మాట అందులోంచే పుట్టింది. స్పానిష్‌లో మన్సనియా అన్నా 'చిన్న ఆపిల్' అనే అర్థం. మన చామంతి అన్న మాటతో కామొమైల్‌కు పోలిక చెవికే గానీ, ఆ మాటల మధ్య చుట్టరికం లేదు.

అరబ్బులు మాత్రం పేరును పారశీకం నుంచి తెచ్చుకున్నారు. అక్కడి బాబూనే పాత రూపంలో 'గ'కారంతో ముగిసేది. అరబ్బీలో ఆ ధ్వని 'జ' అయి బాబూనజ్ నిలిచింది. బనఫ్షా పువ్వు బనఫ్సజ్ అయిందీ ఇలాగే. 13వ శతాబ్దపు వైద్యుడు ఇబ్న్ అల్ బైతార్ మూలికల గ్రంథంలోనూ బాబూనజ్ ఉంది. అరబ్బీలో ఉఖ్‌హువాన్ అనే మరో పేరూ అడవి చామంతులకు వాడతారు. పాత అరబ్బీ కవులు ప్రియురాలి పలువరసను ఉఖ్‌హువాన్‌తో పోల్చేవారు. తెల్ల రేకులే లేని మన మొక్కకు ఆ పోలిక అతకదు. కవులు చూసింది దీని దాయాదుల్నే అయివుండాలి.

ఇక శాస్త్రీయ నామానికి వస్తే, వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శిష్యుడు పేర్ లోఫ్లింగ్ స్పెయిన్‌లో మొక్కలు పరిశీలించి, 1756లో వెనెజువెలాలో 27 ఏళ్లకే చనిపోయాడు. అతని రాతలను గురువు 1758లో అచ్చు వేయించాడు. లోఫ్లింగ్ దీన్ని కోటులా ఆరియా అన్నాడు. ఆరియా అంటే బంగారు రంగుది. 19వ శతాబ్దంలో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు షుల్జ్ దీన్ని మాట్రికేరియా ప్రజాతిలోకి మార్చాడు. గర్భాశయానికి లాటిన్ మాట మాట్రిక్స్; స్త్రీల రుగ్మతలకు ఈ పూలు వాడడం వల్ల ఆ ప్రజాతికి ఆ పేరు.

యునానీ వైద్యంతో పారశీక నామం భారతదేశానికీ చేరింది. హైదరాబాద్ హకీములు గులే బాబూనా అనేది సాధారణంగా తెల్ల రేకుల కామొమైల్‌నే.