పోలీసు పటేలు

హైదరాబాదు దివాను మొదటి సాలారుజంగు 1865లో జిల్లాబందీ (జిల్లాల ఏర్పాటు) నెలకొల్పిన పిదప పాలనాయంత్రము ఎంతగా మారినను, 1905లో ఎలగందుల జిల్లా కరీంనగరు జిల్లా యైనను, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పల్లెలలో వతనుదారుల, అనగా వంశపారంపర్య గ్రామోద్యోగుల, ఏర్పాటు చెక్కుచెదరలేదు: శిస్తు వసూలు మాలీపటేలుది, లెక్కలు పట్వారీవి, శాంతిభద్రతలు పోలీసు పటేలువి.

ఈ మూడవవాని అధికారము ఊరి జనుల పుట్టుక మొదలు చావు దాక వ్యాపించి యుండెను. జననమరణముల పుస్తకము అతని యింటనే యుండెడిది. దొంగతనము జరిగినను, బావిలో శవము తేలినను, తొలుత వార్త చేరునది అతని యరుగునకే. కావలికానిని ఠాణాకు పరుగెత్తించి, పోలీసు అధికారియైన అమీను వచ్చువరకు శవమునకు కాపలా పెట్టించి, పంచనామాకు పెద్దమనుషులను పిలిపించి, చదువురాని వారి బొటనవ్రేళ్లకు సిరా పూయించి నిశానీలు వేయించువాడు పటేలే. ఆ కాగితమున నేమి వ్రాసియున్నదో వ్రేలుముద్ర వేసినవారికి తెలియదు. మకాము చేయవచ్చిన అధికారులకు బియ్యము, కోళ్లు, బండ్లు సమకూర్చుటయు అతని పనియే. వెట్టి మాత్రము పేదలది.

ఇంతటి పదవికి అర్హత జన్మ మొక్కటే. తండ్రి తరువాత కొడుకు. కొడుకు పసివాడైనచో గుమాస్తా. ఇతర దేశములలో ఇట్లు కాదు: అమెరికాలో చాలవరకు షెరీఫును జనులే ఎన్నుకొందురు. ఇంగ్లండు, వేల్సులలో 2012 నుండి పోలీసుల పర్యవేక్షకునికి సైతము ఓటు వేయుచున్నారు. నాటి ఆంధ్రప్రదేశమున 1959లో పంచాయతీరాజ్యము ప్రారంభమై, సర్పంచి ఎన్నికతో వచ్చినవాడే యైనను, ఠాణాకు కబురంపు అధికారము వతనుదారునిదిగానే యుండెను; పెక్కు గ్రామములలో ఆ రెండు పెత్తనములును ఒక్క దొర గడి నుండియే నడచెను. ఊరి కావలివానిని ఊరివారు ఎన్నుకొనలేని ఈ లోపమునే నేను అన్నిటికంటె పెద్దదిగా నెంచుదును. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలకు తరలివచ్చిన వేలాది రైతుకూలీలు వెట్టిని, దొరల దండుగలను ధిక్కరింపగా, అక్టోబరులోనే ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. ఊరి కావలిపై ఊరివారి మాట చెల్లని చోట, ఠాణాయే ఊరిమీదికి వచ్చినది.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వము ఆర్డినెన్సుచే పటేలు, పట్వారీ పదవులను రద్దుచేసెను. సరిహద్దు దాటిన మహారాష్ట్రమున 1967 నాటి చట్టము క్రింద పోలీసు పాటీలు నేటికిని కలడు. అతడును సర్కారు నియమించినవాడే గాని ఊరివారు ఎన్నుకొన్నవాడు కాడు. ఇచట ఖాళీయైన ఆ స్థానమున ఓటుతో వచ్చినవా డెవ్వడును నిలువలేదు. జననమరణముల పుస్తకము పంచాయతీ కచేరికి చేరెను, నేరవార్త నేరుగా ఠాణాకు పోవుచున్నది.