సూర్యలంక బీచ్ ట్రిప్: రాజంపేట నుంచి వెళ్తున్నారా? చెరువులో వచ్చిన ఈత అక్కడ సరిపోదు!

తెలంగాణకు సముద్ర తీరం లేదు. కామారెడ్డి జిల్లా రాజంపేట నుంచి బీచ్ చూడాలంటే ఏపీకి వెళ్లాల్సిందే. హైదరాబాద్ వైపు నుంచి చాలామంది వెళ్లేది బాపట్ల జిల్లా సూర్యలంకకు. మ్యాప్‌లో రూట్ పెట్టేటప్పుడు మాత్రం ఓసారి చూసుకోవాలి, రాయలసీమలోనూ ఓ రాజంపేట ఉంది!

వన్ డే ట్రిప్ అంటారు కానీ, ఒకవైపు దూరమే 400 కిలోమీటర్లు దాటుతుంది. పొద్దున కారులో బయల్దేరి రాత్రికి తిరిగి రావడం అంటే డ్రైవర్ ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. సికింద్రాబాద్ నుంచి చెన్నై వైపు వెళ్లే రాత్రి రైళ్లలో కొన్ని బాపట్లలో ఆగుతాయి. అక్కడి నుంచి బీచ్ సుమారు 9 కిలోమీటర్లు, ఆటోలో వెళ్లొచ్చు. పగలంతా బీచ్‌లో గడిపి మళ్లీ రాత్రి రైలెక్కితే సరి. తిరుగు టికెట్ ముందే బుక్ చేసుకోవాలి. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాల కోసం జనం పోటెత్తుతారు, పిల్లలతో వెళ్లేవారు ఆ రోజు మానుకోవడమే మంచిది.

ఇక అసలు విషయం. పోచారం, నిజాంసాగర్ నీళ్లు చూసి పెరిగినవాళ్లకు, బావిలో ఈత నేర్చుకున్నవాళ్లకు సముద్రమంటే అంత భయం ఉండదు. ప్రమాదం అక్కడే. బావిలో నీళ్లు కదలవు. సముద్రంలో ఒడ్డుకు వచ్చిన నీరంతా ఏదో ఒక చోటు నుంచి పాయలా వెనక్కి పోతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. విచిత్రం ఏంటంటే, ఆ చోట అలలు పెద్దగా విరగవు, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు.

అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదొద్దు, గజ ఈతగాళ్లు కూడా అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక వెనక్కి రావాలి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడాలని వెంటనే దూకేయొద్దు. తాడో, ఖాళీ క్యానో విసిరి లైఫ్‌గార్డ్‌ను పిలవాలి, 112కి ఫోన్ చేయాలి.

వరుస మరణాలతో 2024 జూన్‌లో బాపట్ల తీరంలోని బీచ్‌లను అధికారులు కొన్నాళ్లు మూసేశారు. తుపాను హెచ్చరికలున్నప్పుడూ సందర్శకులను అనుమతించరు. అందుకే బయల్దేరే ముందు రోజు వాతావరణ శాఖ బులెటిన్ చూసుకోవాలి. మోకాలి లోతు దాటకుండా, మద్యం జోలికి పోకుండా ఉంటే చాలావరకు సేఫ్. సెల్ఫీ తీసుకునేటప్పుడు అలలకు వీపు పెట్టి మాత్రం నిలబడొద్దు.